రూట్ బీర్: వరసగా పోల్చి రుచి చూడటం, తిండికి జత కుదర్చడం ఎలా?

రూట్ బీర్ అంటే వేర్లు, బెరడు, మసాలాల వాసనలతో ఉండే తియ్యని అమెరికన్ గ్యాస్ కూల్‌డ్రింకు. దాని గురించి అమెరికాలో ఉండే మనవాళ్ళు, ముఖ్యంగా కొత్తగా వచ్చినవాళ్ళు, తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. "షాపులో పది రకాల రూట్ బీర్లున్నాయి, ఏది కొనాలి?" "ఇంటికి జనం వస్తున్నారు, దేనితో పెడితే బాగుంటుంది?" ఒకటి కొని, ఒక గుక్క తాగి, నచ్చలేదని పక్కన పెట్టేసినవాళ్ళు చాలామంది. ఒక్క సీసాతో తేల్చేసే రుచి కాదిది. నాలుగైదు రకాలు పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. ఆ పని పద్ధతిగా ఎలా చేయాలో, ఆ తర్వాత తిండితో ఎలా కలపాలో వరసగా చెబుతాను.

ముందే ఒక మాట. పేరులో బీర్ ఉన్నా, కూల్‌డ్రింకుల వరసలో దొరికే వాటిలో మత్తు ఉండదు, పిల్లలూ తాగుతారు. కానీ 'హార్డ్ రూట్ బీర్' అని రాసి బీర్ల వరసలో పెట్టే సీసాల్లో ఆల్కహాల్ ఉంటుంది. కొన్నిటి లేబుల్ చూడటానికి మామూలు రూట్ బీర్‌లాగే ఉంటుంది. ఇంట్లో పిల్లలుంటే సీసా మీద ఆల్కహాల్ శాతం రాసి ఉందేమో చూసి మరీ కొనండి.

1. ముందు ఆ 'బామ్ వాసన' సంగతి తేల్చుకోండి

మా అమ్మ కర్నూలు నుంచి మొదటిసారి వచ్చినప్పుడు గ్లాసులో పోసి ఇచ్చాను. మూతి దగ్గర పెట్టుకోగానే, "ఇదేందిరా, మోకాళ్ళకు రాసుకునే మందు వాసనొస్తాంది!" అంది. ఆమె ముక్కు తప్పు చెప్పలేదు. రూట్ బీర్‌లో ముఖ్యమైన వాసనల్లో వింటర్‌గ్రీన్ అనే మొక్కది ఒకటి. దానికి మూలం మిథైల్ సాలిసిలేట్ అనే పదార్థం. మన నొప్పుల బామ్‌ల డబ్బా మీద 'గంధపుర తైలం' అని ఉండేదీ వింటర్‌గ్రీన్ నూనే. పానీయంలో వేసేది అతి కొద్దిగా, రుచి కోసమే.

ఒకప్పుడు ఈ పానీయానికి అసలు రుచి ససాఫ్రాస్ అనే చెట్టు వేరు బెరడు నుంచి వచ్చేది. అందులోని సాఫ్రోల్‌ను తినే వస్తువుల్లో వాడకూడదని 1960లో అమెరికా ప్రభుత్వం నిషేధించింది. ఇప్పుడు వింటర్‌గ్రీన్, వెనిలా, సోంపు లాంటి వాసన ఉండే అనీస్, అతిమధురం, లవంగం, దాల్చినచెక్క, మొలాసిస్ (చక్కెర తీశాక మిగిలే నల్లటి చెరకు మడ్డి) లాంటివి ఎవరి పాళ్ళలో వాళ్ళు కలుపుతారు. ఆ పాళ్ళలోనే బ్రాండ్‌కీ బ్రాండ్‌కీ తేడా వస్తుంది.

అమెరికన్ పిల్లలకు ఈ వాసన చూయింగ్ గమ్‌లో, చాక్లెట్ల కొట్టులో పరిచయం. మనకు మందుల పెట్టెలో పరిచయం. కాబట్టి వింటర్‌గ్రీన్ ఎక్కువున్న రకంతో మొదలుపెడితే మనవాళ్ళలో చాలామంది అక్కడే ఆగిపోతారు. వెనిలా ముందుకు వచ్చే రకంతో మొదలుపెట్టండి. మా అమ్మకు ఆ తర్వాత అలాంటిదే ఇచ్చాను. రెండు గుక్కలు తాగి, "ఇది మాత్రం మన సుగంధి షర్బత్ మాదిరుంది" అంది. అదీ నిజమే. నన్నారి అని మనం పిలిచే సుగంధి పాల వేరులో ప్రధాన వాసన పదార్థం, వెనిలాకు వాసన ఇచ్చే వెనిలిన్‌కు తోబుట్టువు లాంటిది. రెండింటిలోనూ అవే పరమాణువులు అంతే సంఖ్యలో ఉంటాయి, అమరికే వేరు. రాయలసీమ ఎండల్లో నన్నారి తాగి పెరిగినవాళ్ళకు రూట్ బీర్‌లోకి ఇదే దగ్గరి దారి.

2. ఏవి కొనాలి

మొదటిసారి ఐదు రకాలు చాలు. ఆరు దాటితే నాలుక మొద్దుబారుతుంది. ఒకే తరహావి ఐదు కొంటే తేడా పట్టుకోవడం కష్టం, ఇలా కలిపి తీసుకోండి. రుచుల గురించి చెప్పేది నా నాలుక మాట, మీ నాలుక మరోలా చెప్పవచ్చు.

- వెనిలా, మెత్తదనం: ఏ అండ్ డబ్ల్యూ. ఎక్కడైనా దొరుకుతుంది. మొదటి గ్లాసుగా ఇదే పెట్టండి.
- తేలికగా, తియ్యగా: మగ్. మసాలా తక్కువ.
- ఘాటుగా, కాస్త కరుగ్గా: బార్క్స్. నాలుక మీద చురుక్కుమంటుంది.
- మసాలా దినుసులు విడివిడిగా తెలిసేది: వర్జిల్స్. అనీస్, అతిమధురం, లవంగం, జాజికాయ వంటివి లేబుల్ మీదే కనిపిస్తాయి.
- తేనెతో నిండుగా ఉండేది: విస్కాన్సిన్‌లో చేసే స్ప్రెకర్.

మీ దగ్గర స్ప్రెకర్ దొరక్కపోతే లూసియానాలో చెరకు పంచదారతో చేసే అబీటా గానీ, మీ ఊళ్ళోనే తయారయ్యే రకం ఏదైనా గానీ తీసుకోండి. బామ్ వాసనకు అలవాటు పడ్డాక, రూట్ బీర్‌కు దగ్గరి కూల్‌డ్రింకైన బర్చ్ బీర్ కూడా ప్రయత్నించండి. పెన్సిల్వేనియా వైపు బాగా దొరుకుతుంది. బర్చ్ చెట్టు బెరడు నూనెలోనూ మిథైల్ సాలిసిలేటే ఎక్కువ. అందుకే మొదటిరోజు మాత్రం వద్దు.

ఐదుగురికి ఒక్కో రకం 355 మి.లీ. డబ్బా ఒకటి సరిపోతుంది. ఒక్కొక్కరికి 60 మి.లీ. చొప్పున పోయవచ్చు.

3. లేబుల్ మీద నాలుగే చూడండి

తీపి దేనిది? మొక్కజొన్న సిరపా, చెరకు పంచదారా, తేనా, లేక డైట్ తీపా. డైట్ రకాలను మామూలు వాటితో కలిపి పోల్చకండి. వాటి తీపి నోట్లో చాలాసేపు ఉండిపోయి పక్క గ్లాసు రుచిని చెడగొడుతుంది. పోల్చాలంటే డైట్ వాటిని వాటిలో వాటినే పోల్చండి.

కెఫీన్ ఉందా? ఏ అండ్ డబ్ల్యూ, మగ్‌లలో ఉండదు. మామూలు బార్క్స్‌లో ఉంటుంది, డబ్బాకు సుమారు 22 మిల్లీగ్రాములు. రాత్రిపూట పిల్లలకు పోసేటప్పుడు ఇది గుర్తుంచుకోండి.

నురుగు దేనిది? యక్కా, క్విలాయా అనే పేర్లు కనిపిస్తే అవి మొక్కల సారాలు. కుంకుడుకాయ రసం నురగెత్తడానికి కారణమైన సాపోనిన్లే వీటిలోనూ ఉంటాయి. ఇవి ఉన్న రకాల్లో నురుగు దట్టంగా వచ్చి ఎక్కువసేపు నిలుస్తుంది.

చక్కెర ఎంత? మామూలు డబ్బా ఒక్కదానిలో 40 గ్రాములకు పైనే ఉంటుంది. ఐదు రకాలు 60 మి.లీ. చొప్పున తాగితే ఒక్కొక్కరి కడుపులోకి 35 గ్రాములకు పైగా చక్కెర వెళ్ళినట్టే. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఈ పోలికలో కూర్చోకపోవడమే మంచిది. వాళ్ళకు డైట్ రకం విడిగా పోయండి.

4. ముందురోజు రాత్రి, ఆ రోజు ఉదయం

అన్నిటినీ ఫ్రిజ్‌లో ఒకే అరలో, రాత్రంతా ఉంచండి. ఒకటి చల్లగా, ఒకటి గోరువెచ్చగా ఉంటే ఆ పోలికకు అర్థం లేదు. వెచ్చనిది ఎప్పుడూ ఎక్కువ తియ్యగా, ఎక్కువ బామ్ వాసనతో ఉంటుంది. ఫ్రీజర్‌లో పెట్టి తొందరపెట్టకండి, సీసా పగిలే ప్రమాదం ఉంది.

రుచి చూసే ముందు గంటసేపు కాఫీ వద్దు, వక్కపొడి వద్దు, సోంపు అసలే వద్దు. సోంపుకూ అనీస్‌కూ వాసన ఇచ్చేది ఒకే పదార్థం. సోంపు నమిలి కూర్చుంటే ప్రతి గ్లాసులోనూ సోంపే తగులుతుంది. అప్పుడే పళ్ళు తోముకున్నా అంతే, టూత్‌పేస్టులోని పుదీనా నాలుకను ఆక్రమిస్తుంది.

టేబుల్ మీద సిద్ధం చేసుకోవలసినవి:

- ఒకే ఆకారం గాజు గ్లాసులు లేదా రుచీ వాసనా లేని ప్లాస్టిక్ కప్పులు
- కప్పు అడుగున అంటించడానికి నంబర్ల చీటీలు
- మామూలు చల్లదనంలో మంచినీళ్ళు
- ఉప్పూ కారం లేని మరమరాలు (మా వైపు బొరుగులు అంటాం) లేదా ఉప్పు లేని బిస్కెట్లు
- ఒక్కొక్కరికి కాగితం, పెన్ను
- ఐస్ ముక్కలు మాత్రం వద్దు, కరిగి పానీయాన్ని పలచన చేస్తాయి

5. పోయడం

రుచి చూడని మనిషి ఒకరు వంటింట్లో పోసి, నంబర్లు రాసుకుని తీసుకురావాలి. బ్రాండ్ తెలిస్తే నాలుక పేరునే రుచి చూస్తుంది. మా ఇంట్లో అందరూ ఏ అండ్ డబ్ల్యూకే ఓటేస్తామన్నారు, తీరా కప్పు తిప్పి చూస్తే ముగ్గురు మెచ్చింది వర్జిల్స్.

పోసే వరస ముఖ్యం. మెత్తనిది, తేలికైనది ముందు, ఘాటైనది చివర. పై ఐదింటికీ నేను వాడే వరస: ఏ అండ్ డబ్ల్యూ, మగ్, స్ప్రెకర్, వర్జిల్స్, బార్క్స్. ఈ సంగతి పోసే మనిషికి మాత్రమే తెలియాలి. మీరే కొని, మీరే తాగుతున్నట్టయితే మధ్యలో మూడింటినీ తారుమారు చేయమనండి. మొదటిదీ చివరిదీ అలాగే ఉండనివ్వండి.

కప్పు కాస్త వంచి సగం పోసి, తర్వాత నిటారుగా పెట్టి మిగతాది పోయాలి. నురుగు ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెట్టండి. చూడటానికి చిన్న విషయమే గానీ, నురుగు నిలిచే రకమే నోట్లో మెత్తగా తగులుతుంది.

6. మూడు గుక్కలు, మూడు పనులు

ఒక్కో కప్పుకు నాలుగు నిమిషాలైనా ఇవ్వండి. తొందరపడితే తీపి తప్ప ఇంకేమీ తెలియదు.

ముందు వాసన. నురుగు తగ్గాక కప్పు ముక్కు దగ్గర పెట్టి చిన్నగా రెండుసార్లు పీల్చండి. వెనిలానా, బామా, సోంపా, బెల్లప్పాకమా? మొదట తట్టిన మాటే రాయండి, సరిదిద్దుకోకండి.

మొదటి గుక్క తీపికి. మింగేయండి. తీపి వెంటనే వెళ్ళిపోయిందా, పెదాలకు అంటుకుందా చూడండి.

రెండో గుక్క మసాలాకు. నోట్లో మూడు సెకన్లు ఉంచి, నాలుక మీద తిప్పి మింగి, నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. లవంగం, జాజికాయ లాంటివి తెలిసేది ఇక్కడే. రూట్ బీర్ పోలికలో నాకు ఇష్టమైన క్షణం ఇదే. అప్పటిదాకా ఉత్త తియ్యనీళ్ళలా ఉన్నది ఒక్కసారి పోపుల పెట్టె తెరిచినట్టు విచ్చుకుంటుంది.

మూడో గుక్క మూడు నిమిషాలు ఆగి. గ్యాస్ కాస్త తగ్గి, చల్లదనం కాస్త తగ్గాక అసలు పాళ్ళు బయటపడతాయి. బాగా చేసినది ఇప్పుడూ బాగుంటుంది. గ్యాస్ మీద ఆధారపడినది చప్పబడి మొహం మొత్తుతుంది.

తర్వాత గుప్పెడు బొరుగులు, ఒక గుక్క నీళ్ళు, తర్వాతి కప్పు.

7. ఏం రాసుకోవాలి

మార్కులు వేస్తే వారం తర్వాత ఆ అంకెలు ఏమీ చెప్పవు. మాటల్లో రాయండి. మా ఇంట్లో ఒక కాగితం మీద ఉన్నది ఇది:

"కప్పు 4. నురుగు 25 సెకన్లు. వాసన: లవంగం, కొంచెం దగ్గుమందు. తీపి మధ్యస్థం. రెండో గుక్కలో అతిమధురం బాగా తెలిసింది. చివర చిరుచేదు. చల్లదనం తగ్గాక ఇంకా నచ్చింది. వేయించిన దానితో బాగుంటుంది."

చివరి వాక్యం తప్పకుండా రాయండి. తిండితో జత కుదర్చడం అక్కడి నుంచే మొదలవుతుంది.

8. తిండికి జత: పులుపు లేని పానీయమని మరవకండి

కోలాలో ఫాస్ఫారిక్ ఆమ్లం, నిమ్మ సోడాలో సిట్రిక్ ఆమ్లం ఉంటాయి. వాటితో పోలిస్తే రూట్ బీర్‌లో పులుపు చాలా తక్కువ. తిండితో కలపడంలో వచ్చే పొరపాట్లలో సగం ఇది తెలియకే.

పుల్లని తిండి పక్కన పెట్టకండి. గోంగూర మటన్, పులిహోర, చింతపండు చారు లాంటివి తిని రూట్ బీర్ తాగితే పానీయం చప్పగా, మందులా అనిపిస్తుంది. నిమ్మకాయ పిండిన ఉల్లిపాయ ముక్కలకూ ఇదే మాట.

ఉప్పు, కొవ్వు, పొగ: ఈ మూడింటితో కలుస్తుంది. ఉప్పుతో దాని పాకపు తీపికి ఒక గట్టిదనం వస్తుంది. గ్యాస్ నోట్లోని నూనెను కడుగుతుంది. పొగ సంగతి ఇంకా బాగుంటుంది. కట్టె కాలినప్పుడు వచ్చే పొగలో వెనిలాకూ లవంగానికీ దగ్గరి చుట్టాలైన వాసన పదార్థాలుంటాయి. అందుకే పొగ పట్టించిన బార్బెక్యూ మాంసం పక్కన రూట్ బీర్ సొంత మనిషిలా కలిసిపోతుంది.

కారం జాగ్రత్త. మిరపకాయ మంట, గ్యాస్ చురుకు రెండూ నోట్లో నొప్పి తెలిపే నరాలనే తాకుతాయి. బాగా కారంగా ఉన్నదాని మీద బుసబుసలాడే రూట్ బీర్ తాగితే మంట పెరిగినట్టుంటుంది. పోసి ఐదు నిమిషాలు ఆగి, గ్యాస్ తగ్గాక తాగితే తీపి మంటను తగ్గిస్తుంది.

తీపి మీద తీపి వద్దు. బొబ్బట్టు, గులాబ్ జామ్ తిన్నాక రూట్ బీర్ నీళ్ళలా అనిపిస్తుంది. చేదు కలిసిన ముదురు చాక్లెట్ కేక్ అయితే సరే.

జత కుదిరిందో లేదో తేల్చే పద్ధతి చాలా సులువు. ఒక ముద్ద, ఒక గుక్క, మళ్ళీ ఒక ముద్ద. రెండో ముద్ద మొదటిదానికంటే బాగుంటే జత కుదిరింది. పానీయం బాగుండి ముద్ద చప్పబడితే కుదరనట్టు.

9. ఏ పళ్ళేనికి ఏది

టెక్సాస్ తరహా బార్బెక్యూకు, అంటే ఉప్పూ మిరియాలూ పట్టించి గంటల తరబడి పొగలో ఉడికించిన మాంసానికి, బార్క్స్ లాంటి ఘాటైనది. బీఫ్ తిననివాళ్ళు పొగ పట్టించిన చికెన్, టర్కీలతో ఇదే చేయవచ్చు. కాన్సస్ సిటీ తరహా తియ్యని సాస్ పూసిన మాంసమైతే తీపి తక్కువున్న రకం ఎంచుకోండి, లేకపోతే రెండు తీపులూ కలిసి వెగటు పుడుతుంది.

బర్గర్, ఉప్పు చల్లిన బంగాళాదుంప ఫ్రైస్‌కు ఏ అండ్ డబ్ల్యూ. పెపరోనీ పిజ్జాకు వర్జిల్స్ లాంటి మసాలా రకం నాకు ఇష్టం. టమాటా సాస్ ఎక్కువున్న పిజ్జాకు మాత్రం ఏదీ అంతగా కుదరదు, కారణం మళ్ళీ పులుపే.

మన వంటల్లో ఎక్కువ సార్లు కుదిరినవి: ఉల్లిపాయ పకోడీ, జంతికలు, నెయ్యిలో వేయించిన జీడిపప్పు, పెరుగూ నిమ్మరసం తక్కువగా వేసిన చికెన్ 65, వేటమాంసం వేపుడు. వేపుడు అంచులు మాడీ మాడకుండా ఉండాలి. ఆ మాడు రుచికీ రూట్ బీర్‌లోని పాకపు రుచికీ చక్కగా పొత్తు కుదురుతుంది.

బిర్యానీ గురించి అందరూ అడుగుతారు. దమ్ బిర్యానీలో లవంగం, దాల్చినచెక్క ఉన్నాయి కాబట్టి కలుస్తుందనిపిస్తుంది. కానీ అందులో పుదీనా కూడా ఉంది. వింటర్‌గ్రీన్ ఎక్కువున్న రకం పోస్తే రెండు చల్లని వాసనలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. వెనిలా రకమే పోయండి, అదీ రైతా లేకుండా. రైతా కావలసిందే అంటే ఆ పూటకు రూట్ బీర్ మానేయండి, బిర్యానీకి రైతాయే న్యాయం.

10. ఫ్లోట్: పొంగకుండా

రూట్ బీర్‌లో వెనిలా ఐస్‌క్రీమ్ వేస్తే ఫ్లోట్. అందరూ చేసే తప్పు ఐస్‌క్రీమ్ మీద గబగబా పోయడం. గ్యాస్ అంతా ఒక్కసారి బయటికొచ్చి టేబుల్ నిండా నురుగే.

1. పొడవాటి గ్లాసును పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.
2. ముందు రెండు వేళ్ళ ఎత్తున రూట్ బీర్ పోయండి.
3. గట్టిగా గడ్డకట్టిన వెనిలా ఐస్‌క్రీమ్ రెండు స్కూపులు మెల్లగా దించండి. మెత్తబడిన ఐస్‌క్రీమ్ వెంటనే కరిగి బురదలా అవుతుంది.
4. నురుగు కుదురుకునేదాకా ఆగండి.
5. మిగతాది గ్లాసు గోడ వెంట సన్నగా పోయండి. మూడు వంతుల దగ్గర ఆపి, నురుగు దిగాక నింపండి.

ఒక డబ్బాతో రెండు గ్లాసులు వస్తాయి. కుల్ఫీ వేసి చూశాను. యాలకుల వాసన మిగతా అన్నిటినీ కప్పేసింది, అందుకే వెనిలాకే కట్టుబడ్డాను. మిరపకాయ బజ్జీల పక్కన ఉత్త రూట్ బీర్ కంటే ఫ్లోట్ మేలు, ఐస్‌క్రీమ్‌లోని పాలు మంటను దించుతాయి.

11. తేడా వస్తే ఏం చేయాలి

అన్నీ ఒకేలా ఉన్నాయి: మరీ చల్లగా ఉన్నాయి. పది నిమిషాలు బయట పెట్టి మూడో గుక్క మళ్ళీ తాగండి.

అన్నీ బామ్‌లానే ఉన్నాయి: ఘాటైనది ముందు తాగి ఉంటారు. నీళ్ళు, బొరుగులు, పావుగంట విరామం, తర్వాత వెనిలా రకంతో మళ్ళీ మొదలు.

మూడో కప్పుకే వెగటు: ఎక్కువ పోశారు. 60 మి.లీ. దాటకండి. మధ్యలో నాలుగు ఉప్పు పల్లీలు నమిలి, నీళ్ళతో పుక్కిలించండి.

నురుగే రావడం లేదు: గ్లాసుకు నూనె గానీ సబ్బు గానీ మిగిలి ఉంది. వేడినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడవకుండా బోర్లించి ఆరనివ్వండి.

12. మిగిలిపోయిన సీసాలు

మూత బిగించి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటి వరకు తాగవచ్చు. గ్యాస్ పూర్తిగా పోయినదాన్ని పారబోయకండి. 355 మి.లీ. వెడల్పు మూకుడులో పోసి, సన్నని మంట మీద బాగా ఇగిరిపోయేదాకా మరిగించండి.  పులుపు లేని పానీయం కాబట్టి ఇక్కడ ఒక చెంచా వెనిగర్, అర చెంచా మిరియాల పొడి, చిటికెడు ఉప్పు వేయాలి. గరిటెకు పల్చగా అంటుకునే పాకం రాగానే దించేయండి, చల్లారితే ఇంకా చిక్కబడుతుంది. డైట్ రకంతో ఇది రాదు, పాకం కట్టడానికి అందులో చక్కెర లేదు. చికెన్ ముక్కలు గ్రిల్ మీద దాదాపు ఉడికాక, చివరి ఐదు నిమిషాల్లో మాత్రమే బ్రష్‌తో పూయండి. ముందే పూస్తే చక్కెర మాడి చేదెక్కుతుంది.